పొలం గలాయన

జూన్ రెండో వారంలో దిగినారు వాళ్లు,
ఐదు మంది, తొమ్మిది పెట్టెలు.
పెట్టెల్లో రంగుపెన్సిళ్లు, బెలూన్లు, నీళ్లలో ఏసుకునే మాత్రలు.
గుంతకల్లు టేసన్ నుంచి తుగ్గలి దాకా జీపులో
గుట్ట కనపడితే ఫోటో, గొర్రె కనపడితే ఫోటో.
మా మిషన్ బడి నాపరాళ్ల వసారాలో
నలభై రెండు మందికి
పదకొండు మంది కూచోనుండారు.

తక్కినోళ్లెక్కడ? అని అడిగింది మార్గిట్.
మంచుదేశం పిల్ల, ఇరవై రెండేండ్లు,
మెడ అప్పుడే కంది మిరపపండయింది.
వజ్రాలేరను పోయినారు, అంటి.
ఇంగ్లీషులో ఆ మాట నాకే అబద్ధంగా ఇనిపించె.
వాళ్లు నవ్వినారు, ఉపమానం అనుకున్నారు.

ఉపమానం కాదు.
రాత్రి గట్టివాన పడింది,
ఎర్రచేన్లలో మన్ను కడుక్కోని రాళ్లు తేలినాయి.
తెల్లారకముందే మా అమ్మ కూడా
సద్దిసంగటి మూట కట్టుకోని పోయింది.
ముప్పై ఏండ్లుగా పోతానే ఉంది.
ఇంతవరకు దొరికింది మోకాళ్ల నొప్పి.

మార్గిట్ తెచ్చుకున్న పాఠం మాత్రం,
దేవుని ఎగతాళో ఏమో,
పొలంలో దాచిన ధనం.
చార్టు గోడకు అంటించింది:
బంగారు కుండ, గెంతులేసే మనిషి,
మేము సినిమాల్లో తప్ప చూడనంత పచ్చని పొలం.
ఆమె చెప్తా ఉంది, నేను తెలుగు చేస్తా ఉండా.
ఒకాయనకు ధనం దొరికె,
మళ్లా దాన్ని కప్పిపెట్టె,
ఇంటికి పోయి చెంబూ తపేలా అమ్మె
(చెంబూ తపేలా నావి, ఆమె అనలేదు)
ఆ పొలమే కొనె.

మద్దిలేటి లేసి నిలబడినాడు.
ఐదో తరగతి. వాళ్ల తాత
రెండెకరాలు వచ్చిన రేటుకు అమ్మేసినాడు;
కొన్నాయన ఎందుకంత తొందరపడినాడో
ఊరికి తర్వాత తెలిసింది.
ఇప్పుడా చేన్లోనే వాళ్ల నాయన కూలి.

"మేడం, పొలం గలాయనకు చెప్పినాడా?
చెప్పకనే కొన్యాడా?"

పదకొండు మొగాలు నా వైపు తిరిగినాయి.
ఏమంటున్నాడు? అని నవ్వుతా అడిగింది మార్గిట్.
కుండలో ఎంత బంగారముండె అంటున్నాడు, అంటి.
ఆమె చేతులు బార్లా చాపి, ఇంత! అనె.
మద్దిలేటి కూచున్నాడు.
ఇంగ్లీషు రాకపోయినా
బార్లా చాపిన చేతుల్లో అర్థం కానిదేముంది.

ఆ రాత్రి కరెంటు పోయింది.
మిద్దె మీద నిద్ర పట్టక ఆమెతో చెప్పేస్తి,
వాళ్ల తాత సంగతి కూడా.
చానాసేపు మాట్లాడలేదు.
దూరం చేన్లలో బ్యాటరీ లైట్లు
వంగి వంగి తిరుగుతున్నాయి.
నడక రాకముందు నుంచి ఈ కథ వింటున్నా, అనింది చివరికి,
అమ్మినాయన ఒకడుంటాడని ఎప్పుడూ తట్టలేదు.
నేనేమీ అనలేదు.
దోమలు కొట్టుకుంటా కూచున్నాం.

తర్వాత గోడలకు సున్నం కొట్టినారు.
బోరింగు బాగుచేయబోయి ఇంకా చెడగొట్టినారు,
ఐజాకు మేస్త్రి వచ్చి మళ్లా బిగించినాడు.
ఒక పొద్దున మార్గిట్ మా అమ్మ ఎనక చేనికి పోయింది.
ఎండదెబ్బకు మధ్యాన్నమే మంచమెక్కితే
అమ్మ తన ఏరుడు మానుకోని
ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు రుద్దింది.
సేవకొచ్చిన పిల్లకు సేవ, అని గొణుక్కుంటానే
జడ కూడా అల్లింది.

పదిహేనో దినం పోయినారు.
బెలూన్లు సాయంత్రానికే పగిలినాయి.
సోమవారం బడి ఊడుస్తా చార్టు చూస్తి:
పచ్చపొలం ఓరన, ముందు లేని మనిషి.
తలకు టువ్వాల, చేతిలో ఖాళీ సంచి,
గెంతే ఆయన్నే చూస్తా నిలబడినాడు.

మద్దిలేటిని పిలిచి అడిగితే
నేను గాదు మేడం, అన్నాడు.
నిజమే.
తలకు చుట్టిన ఆ టువ్వాల
ఉన్నిటోపీ మాదిరి
చెవుల మీదికి దిగి ఉంది.